మానేసిన గోలీ ఒంట్లో ఎన్నాళ్లుంటది?

వరంగల్‌లో ఎంజీఎం దవాఖాన చుట్టుపక్కల మందుల షాపుల దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఇలాంటి మాట చెవిన పడుతుంది: “ఆ గోలీ బంద్ చేసి వారమాయె సార్, దానికీ దీనికీ ఏం సంబంధం?” అడిగేవాళ్లది మొండితనమేం కాదు. కడుపులో పడనిది పని చేయదనుకోవడం సహజమే. పారాసిటమాల్ విషయంలో ఆ లెక్క తప్పు కూడా కాదు. పొద్దున వేసుకున్నది రాత్రికల్లా ఒంట్లోంచి దాదాపు పోతుంది.

అన్ని మందులూ అంత బుద్ధిగా వెళ్లిపోవు. కొన్ని కొవ్వులోకి చేరి వారాలు, నెలలు తిష్ఠ వేస్తాయి. కొన్ని తాము పోయినా, చేసిన మార్పును వదిలి పోతాయి. మూడో రకం ఇంకా తికమక. మానేసిన మందూ పోతుంది, దాని ప్రభావమూ నెమ్మదిగా పోతుంది, కానీ అది ఉన్నప్పుడు దానికి తగ్గట్టు మోతాదు మార్చిన రెండో మందు మాత్రం అదే మోతాదులో సాగుతూ ఉంటుంది. చాలాసార్లు ప్రమాదం వచ్చేది ఆపిన గోలీతో కాదు, ఆపని గోలీతో. ఈ సంగతి చీటీలో ఎక్కడా రాసి ఉండదు.

చెరువు, తూము, పూడిక

ఒక మందు ఇంకో మందు పనిని పెంచినా, తగ్గించినా, రెండూ కలిసి కొత్త ఇబ్బంది తెచ్చినా దాన్ని మందుల పరస్పర చర్య అంటారు. డాక్టర్ల నోట ఇంటరాక్షన్. ఇది రెండూ ఒకేసారి మింగితేనే జరుగుతుందన్న నియమం లేదు.

కాకతీయుల గొలుసుకట్టు చెరువుల నేల మీద ఉన్నాం కాబట్టి చెరువుతోనే చూద్దాం. ఒళ్లు చెరువు, మందు నీళ్లు. కాలేయం, కిడ్నీలు తూములు. చెరువు నిండా ఉన్నప్పుడు తూము జోరుగా పారుతుంది, మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. మందూ అంతే. ఎక్కువున్నప్పుడు ఎక్కువ, తక్కువున్నప్పుడు తక్కువ బయటికి పోతుంది. అందుకే “మొత్తం ఎప్పుడు పోతుంది” అని కాకుండా “సగం ఎప్పుడు పోతుంది” అని లెక్కేస్తారు. ఆ సమయమే అర్ధాయువు, అంటే హాఫ్ లైఫ్.

అర్ధాయువు 24 గంటలున్న మందు ఒంట్లో 100 పాళ్లు ఉందనుకుందాం. ఒక రోజుకు 50, రెండో రోజుకు 25, మూడో రోజుకు 12.5, నాలుగో రోజుకు 6.25, ఐదో రోజుకు 3 పాళ్ల చిల్లర. ఐదు అర్ధాయువులు దాటితే 97 శాతం పోయినట్టే. డాక్టర్లు “ఐదింతలు ఆగండి” అనే మాటకు మూలం ఈ లెక్కే.

ఇంతవరకు సులువే. అయితే చెరువులో నీళ్లతోపాటు పూడిక కూడా ఉంటుంది. 2024 చివర్లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు నీళ్లు పోయాక కూడా అడుగున బురద తడి అలాగే ఉంది. కొవ్వులో కరిగే మందులు అలా పూడికలో ఇంకిన నీళ్లలాంటివి. పైన రక్తంలో తగ్గిన కొద్దీ కింది నుంచి ఊరుతూనే ఉంటాయి.

మందే పోకుండా ఉండిపోతే

గుండె లయ తప్పినవాళ్లకు ఇచ్చే అమియోడరోన్ ఈ పూడిక బాపతు మందుల్లో పెద్దన్న. దీని అర్ధాయువు సగటున 58 రోజులు. మనిషిని బట్టి 15 రోజుల నుంచి 142 రోజుల దాకా ఉండొచ్చు. సగటునే తీసుకుని ఐదింతలు వేస్తే 290 రోజులు, అంటే తొమ్మిదిన్నర నెలలు. రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి గోలీలను ఒళ్లు వదిలించుకోకుండా ఇది అడ్డుపడుతుంది. దసరాకు అమియోడరోన్ ఆపేసిన మనిషికి సంక్రాంతి నాటికి కూడా ఆ అడ్డు కొంత మిగిలే ఉండొచ్చన్నమాట. అది మెల్లమెల్లగా తగ్గుతుంటే ఎసిట్రోమ్ బలం కూడా మెల్లమెల్లగా తగ్గి, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒక్కరోజులో తేడా కనపడదు కాబట్టి ఎవరూ దీన్ని ఆ పాత గోలీతో ముడిపెట్టరు.

దిగులు తగ్గడానికి వాడే ఫ్లూయాక్సిటిన్ కథ కాస్త వేరు. చాలా రోజులు వాడినవాళ్లలో దాని అర్ధాయువు 4 నుంచి 6 రోజులు. కాలేయం దాన్ని నార్‌ఫ్లూయాక్సిటిన్‌గా మారుస్తుంది. ఆ పిల్ల మందు తల్లికన్నా గట్టిది, అర్ధాయువు 4 నుంచి 16 రోజులు. మోనో అమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును అడ్డుకునే మందులతో ఇది కలిస్తే ప్రమాదం. అందుకే వాటిని మొదలుపెట్టాలంటే ఫ్లూయాక్సిటిన్ ఆపాక 5 వారాలు ఆగమంటారు.

ఆ జాతి మందులు మన దగ్గర ఇప్పుడు పెద్దగా వాడట్లేదు కదా అనుకోవచ్చు. కానీ లైనెజోలిడ్ అనే యాంటీబయాటిక్‌కు కూడా బలహీనంగా ఆ గుణం ఉంది. మందులకు లొంగని టీబీకి మన దేశం 2024లో ఆమోదించిన నాలుగు మందుల చికిత్సలో అదొకటి. మిగతా మూడు బెడాక్విలిన్, ప్రెటోమనిడ్, మోక్సిఫ్లోక్సాసిన్. వీటిలో బెడాక్విలిన్ మళ్లీ పూడిక జాతే. చివరి దశ అర్ధాయువు సుమారు ఐదున్నర నెలలు. గుండె విద్యుత్ లయను, అంటే ఈసీజీలో క్యూటీ అనే గీతను, ఇది కొంచెం సాగదీస్తుంది. టీబీ కోర్సు అయిపోయి, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నాక, దగ్గుకు ఊళ్లోని ఆర్‌ఎంపీ అజిత్రోమైసిన్ రాశాడనుకుందాం. అది కూడా అదే గీతను సాగదీసే రకం. ఎక్కువమందికి ఏమీ కాదు. గుండె జబ్బు ఉన్నవాళ్లకూ, వాంతులు విరేచనాలతో పొటాషియం పడిపోయినవాళ్లకూ మాత్రం ఆ కలయిక తేలిక విషయం కాదు.

మందు పోయినా దెబ్బ మిగిలితే

గుండె చీటీల్లో దాదాపు ప్రతిదానిలో కనిపించే ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్, రక్తంలో ఉండేది ఎంతసేపు? అర్ధాయువు 15 నుంచి 20 నిమిషాలు. మరి ఆపరేషన్‌కు వారం ముందు ఆపమని ఎందుకంటారు?

ఆస్పిరిన్ రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లలోని ఒక ఎంజైమును శాశ్వతంగా పాడుచేసి పోతుంది. తూములో రాయి అడ్డం పెట్టడం వేరు, తూమునే పగలగొట్టడం వేరు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కాబట్టి కొత్త ఎంజైమును తయారు చేసుకోలేదు. చచ్చేదాకా, అంటే 7 నుంచి 10 రోజులు, కుంటుతూనే తిరుగుతుంది. రోజుకు సుమారు పదోవంతు ప్లేట్‌లెట్లు కొత్తవి పుడతాయి. మానేసిన మూడో రోజుకు ముప్పై శాతం, ఐదో రోజుకు యాభై శాతం కొత్తవి. ఈ మధ్యలో మోకాళ్ల నొప్పికి ఇంకో నొప్పిగోలీ, రక్తం పలచబడే ఇంకో మందు పడితే, “ఎకోస్ప్రిన్ ఆపేశాం కదా” అన్న ధీమా సగమే నిజం.

ఇదే జాతిలో ఇంకోటి డైసల్ఫిరామ్. మందు మాన్పించే మందు. తెలుగులో ఒకే మాట రెండు పనులూ చేయడం ఇక్కడ బాగానే కుదిరింది. తాగిన సారా ఒంట్లో ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది, తర్వాత ఒక ఎంజైము దాన్ని తీసేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ ఎంజైమును పాడుచేస్తుంది. అందుకే గోలీ మింగే మనిషి తాగితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. కొత్త ఎంజైము తగినంత తయారయ్యేదాకా ఈ గుణం ఉంటుంది, ఆఖరి గోలీ తర్వాత 14 రోజుల దాకా.

మేడారం జాతరకు నాలుగు రోజుల ముందు గోలీ మానేసి, గద్దెల దర్శనమయ్యాక దోస్తులతో కూర్చున్న మనిషిని ఊహించుకోండి. ఆయన లెక్కలో నాలుగు రోజులు చాలా ఎక్కువ. ఒంటి లెక్కలో ఇంకా పది రోజులు బాకీ. విస్కీయే కానక్కర్లేదు. కల్లైనా, ఇప్పసారా అయినా, ఆల్కహాల్ కలిసిన దగ్గు మందైనా అదే తంతు. ఇంకో చేదు సంగతి: కొన్ని ఇళ్లల్లో ఈ గోలీని ఆ మనిషికి తెలియకుండా అన్నంలో కలిపి పెడతారు. అప్పుడు ఆఖరి గోలీ ఏ రోజు పడిందో ఆయనకే తెలియదు, దవాఖానకు తెచ్చినవాళ్లు చెప్పడానికి జంకుతారు.

మూత్రం రంగు మారింది, లెక్క మారలేదు

అన్నిటికంటే ఎక్కువ వివరంగా చెప్పుకోవాల్సింది రిఫాంపిసిన్ గురించి. మామూలు టీబీ చికిత్సలో ఆరు నెలలూ ఉండే మందు ఇదొక్కటేమీ కాదు గానీ, మిగతా మందులతో ఇంతగా తగాదా పెట్టుకునేది మాత్రం ఇదే. మూత్రాన్ని నారింజ రంగులోకి మార్చేదీ ఇదే. కోర్సు అయిపోయాక ఒకట్రెండు రోజుల్లో మూత్రం మామూలు రంగుకు వస్తుంది. “మందు పోయింది” అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజమే, పోయింది. దాని అర్ధాయువు రెండు నుంచి ఐదు గంటలే.

రిఫాంపిసిన్ తూమును పగలగొట్టదు, మూయదు. కొత్త తూములు కట్టిస్తుంది. మందులను విరగ్గొట్టే ఎంజైములను ఎక్కువగా తయారు చేయమని కాలేయానికి ఆర్డరు ఇస్తుంది. వాడటం మొదలైన వారం పది రోజుల్లో అదనపు తూములు సిద్ధమవుతాయి. అప్పుడు పక్కన వేసుకునే మందులు చాలా జోరుగా పారిపోతాయి. రిఫాంపిసిన్ ఆపాక ఆ అదనపు ఎంజైములు ఒక్కసారిగా మాయం కావు. పాతబడి, విరిగి, తగ్గి మామూలు మట్టానికి రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది.

ఊహించుకున్న ఒక మనిషితో అంకెలు వేసి చూద్దాం. భూపాలపల్లి వైపు నుంచి వచ్చే ఒక అక్క. చిన్నప్పటి కీళ్లవాతం గుండె కవాటాన్ని పాడుచేస్తే లోహపు కవాటం వేశారు. జీవితాంతం ఎసిట్రోమ్ వాడాలి. రోజుకు 2 మిల్లీగ్రాములతో ఆమె ఐఎన్‌ఆర్ 3 దగ్గర నిలకడగా ఉంటోంది. ఐఎన్‌ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే అంకె. ఏ మందూ వాడనివాళ్లకు 1 దగ్గర ఉంటుంది, ఇలాంటి కవాటమున్నవాళ్లకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి.

ఆమెకు టీబీ వచ్చింది. రిఫాంపిసిన్ మొదలయ్యాక ఐఎన్‌ఆర్ 1.4కు పడిపోయింది. కవాటం మీద గడ్డ కట్టే ప్రమాదం. డాక్టర్ మోతాదు పెంచుకుంటూ పోయి 5 మిల్లీగ్రాముల దగ్గర మళ్లీ 3కు తెచ్చారు. ఆరు నెలలూ అలా గడిచాయి. టీబీ గోలీలు అయిపోయాయి, ఆశా కార్యకర్త సంతోషంగా కార్డు మూసేసింది. ఎసిట్రోమ్ మాత్రం 5లోనే ఉంది. ఎందుకు మారుతుంది? ఆ గోలీ చీటీ వేరు, డాక్టర్ వేరు, తేదీ వేరు.

మొదటి మూడు రోజులు ఏమీ తెలియదు. వారానికి ఐఎన్‌ఆర్ 4 దాటొచ్చు, రెండో వారానికి 6 దాటినా ఆశ్చర్యం లేదు. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం, తగలని చోట కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం. “వేడి చేసింది” అని సబ్జా నీళ్లు తాగించే ఇల్లు మనది. ఈ కథలో ఎవరూ తప్పు గోలీ మింగలేదు, ఎవరూ తప్పు మోతాదు రాయలేదు. 5 మిల్లీగ్రాములు ఏప్రిల్‌లో సరైన మోతాదు, మే నెలలో అదే విషం.

అదే తర్కం ఇంకొన్ని చోట్లా వర్తిస్తుంది. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ గోలీల మోతాదు టీబీ కాలంలో పెంచి ఉంటే, కోర్సు అయిపోయాక షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. పిల్లలు ఇప్పుడే వద్దనుకుని మాలా-ఎన్ లాంటి గోలీలు వాడే ఆడవాళ్లలో పరిస్థితి వేరు. అక్కడ మోతాదు పెంచి ఉండరు, కాబట్టి అదనపు తూములు ఉన్నంతకాలం గర్భనిరోధం బలహీనంగానే ఉంటుంది. అందుకే రిఫాంపిసిన్ ఆపాక కూడా ఇంకో నాలుగు వారాలు వేరే జాగ్రత్త కావాలంటారు. రెండు వారాలకు బదులు నాలుగు ఎందుకు? మనుషులందరి కాలేయాలూ ఒకే వేగంతో సర్దుకోవు, ఇక్కడ పొరపాటు ఖరీదు ఎక్కువ. కాబట్టి గడువును సాగదీసి చెప్తారు.

బీడీ మానేసినా ఇదే లెక్క

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే చేతులు ఎన్నో, కాల్చే నోళ్లు ఎన్నో చెప్పనక్కర్లేదు. బీడీని మందుల పట్టికలో ఎవరూ రాయరు, కానీ కాలేయం దృష్టిలో అదీ ఒక రిఫాంపిసినే. పొగలోని తారు పదార్థాలు సైప్ 1ఏ2 అనే ఎంజైమును పెంచుతాయి. దమ్ము ఉన్నవాళ్లకు మనదగ్గర విరివిగా రాసే డెరిఫిల్లిన్‌లోని థియోఫిల్లిన్‌ను విరగ్గొట్టేది ఆ ఎంజైమే.

రోజూ రెండు కట్టల బీడీలు కాల్చే తాత ఒకరు, రక్తంలో థియోఫిల్లిన్ మిల్లీలీటరుకు 12 మైక్రోగ్రాములు. మంచి మట్టమే. ఆయాసం ముదిరి దవాఖానలో చేరాడు. వార్డులో బీడీ బంద్. పొగ మానేసిన వారానికి థియోఫిల్లిన్ బయటికి పోయే వేగం దాదాపు 40 శాతం తగ్గుతుంది. తూము 60 శాతమే పారుతుంటే, వచ్చే నీళ్లు అంతే ఉంటే, మట్టం ఎంతకు చేరుతుంది? 12ను 0.6తో భాగిస్తే 20. ఆ అంకె దాటితే వాంతులు, చేతుల వణుకు, గుండె దడ, ముదిరితే మూర్ఛ. “బీడీ మాన్పించినందుకే మా అయ్యకు ఇట్లయింది” అని కొడుకు గొడవ పడితే, విచిత్రంగా ఆ మాటలో కొంత నిజం ఉంది. కాకపోతే తప్పు బీడీ మానడంలో లేదు, మోతాదు మారకపోవడంలో ఉంది.

నికోటిన్ గమ్ నమిలితే ఈ తేడా పూడదు. గుట్కా, తంబాకు నమిలేవాళ్లకు అసలు ఈ లెక్కే వర్తించదు. పని చేసేది నికోటిన్ కాదు, పొగ.

గడువు దగ్గర డాక్టర్లలోనే రెండు మాటలు

ఫ్లూయాక్సిటిన్ ఆపిన 5 వారాల దాకా లైనెజోలిడ్ వద్దన్న మాటను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరికగానే ఇచ్చింది, అత్యవసరమైతే తప్ప అని. రెండూ కలిస్తే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మరీ పెరిగి జ్వరం, వణుకు, కండరాల బిగువు రావొచ్చని భయం. తర్వాత 2022లో కెనడాలోని ఒంటారియోలో లైనెజోలిడ్ వాడిన 1,134 మంది వృద్ధుల రికార్డులు చూస్తే ఆ జబ్బు అర శాతం కంటే తక్కువ మందిలోనే కనిపించింది, దిగులు గోలీలు వాడుతున్నవాళ్లలో ఎక్కువేమీ లేదు. హెచ్చరికనే పట్టుకునేవాళ్లు “అరుదైనదే, కానీ ప్రాణాంతకం” అంటారు. రెండో వర్గం “ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్ ఎదురుగా ఉంటే, ఐదు వారాలు ఆగడమే పెద్ద ప్రమాదం” అంటుంది. ఇద్దరి మాటల్లోనూ బరువుంది. నాకు రెండో వాదన వైపు మొగ్గుంది, పక్కన రోగిని గమనించే నర్సు ఉన్నంత వరకు.

జిగట విరేచనాలకు వేసే మెట్రోనిడాజోల్, మనోళ్ల నోట ఫ్లాజిల్, విషయంలో ఇంకా తమాషా. కోర్సు అయిపోయాక కూడా 48 గంటలు తాగొద్దని కొన్ని దేశాల్లో, 3 రోజులని అమెరికాలో రాస్తారు. డైసల్ఫిరామ్‌లాగే ఇది కూడా ఎసిటాల్డిహైడ్‌ను పెంచుతుందని పాత నమ్మకం. 2002లో ఫిన్లాండ్‌లో 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఇచ్చి కొలిస్తే ఎసిటాల్డిహైడ్ పెరగలేదు. పన్నెండు మందితో తేల్చేస్తారా అని ఒకరు, అసలు మొదటి నమ్మకానికి అంత ఆధారమైనా ఉందా అని ఇంకొకరు. రాసే చేతులు మాత్రం “తాగొద్దు” అనే రాస్తున్నాయి. ఆ జాగ్రత్త వల్ల నష్టపోయినవాళ్లు ఎవరూ లేరు మరి.

ఎకోస్ప్రిన్ విషయంలో మాత్రం జాగ్రత్తే నష్టం కావచ్చు. పన్ను పీకడానికి వారం ముందు ఆపమనే అలవాటు చాలా చోట్ల ఉంది. గుండెలో స్టెంటు ఉన్న మనిషికి ఆ వారంలో గడ్డ కడితే ప్రాణం మీదికి వస్తుంది. పన్ను దగ్గర రక్తాన్ని దూదితో నొక్కి, కుట్టు వేసి ఆపొచ్చు. అందుకే చాలా మార్గదర్శకాలు ఇప్పుడు మామూలుగా పన్ను పీకడానికి ఆపొద్దంటున్నాయి. మెదడు, వెన్నెముక ఆపరేషన్లలో కొంచెం రక్తం కూడా ఎక్కువే, అక్కడ ఆపే వైపే మొగ్గుతారు.

రెండు మందులు రెండు దిక్కులకు లాగితే

ఇప్పటిదాకా ఒక్కో మందునూ విడిగా చూశాం. చీటీలో అవి విడిగా ఉండవు. టీబీ గోలీలో రిఫాంపిసిన్ పక్కనే ఐసోనియాజిడ్ ఉంటుంది. మూర్ఛకు ఎప్టాయిన్, అంటే ఫెనిటాయిన్, వాడే కుర్రాడికి టీబీ వచ్చిందనుకోండి. రిఫాంపిసిన్ కొత్త తూములు కట్టించి ఫెనిటాయిన్‌ను తరిమేస్తుంది. ఐసోనియాజిడ్ ఉన్న తూముకు రాయి అడ్డం పెట్టి ఫెనిటాయిన్‌ను నిలబెడుతుంది. మామూలుగా రిఫాంపిసిన్ లాగుడే గట్టిది. అయితే పుట్టుకతోనే ఐసోనియాజిడ్‌ను నెమ్మదిగా వదిలించుకునేవాళ్లు మన దేశంలో చాలామంది. వాళ్లలో రాయి పెద్దది.

ఆరు నెలల తర్వాత రెండూ ఒకే రోజు ఆగుతాయి. ఐసోనియాజిడ్ గంటల లెక్కలో పోతుంది, రాయి కొన్ని రోజుల్లోనే తొలగుతుంది. రిఫాంపిసిన్ తూములు మాత్రం ఇంకా తెరిచే ఉంటాయి. కాబట్టి మొదటి వారంలో ఫెనిటాయిన్ మట్టం పడిపోయి మూర్ఛ రావొచ్చు. రెండు మూడు వారాలకు ఆ తూములు మూసుకున్నాక అదే మోతాదు ఎక్కువై తూలుడు, మాట ముద్దగా రావడం, కళ్లు అదరడం మొదలవొచ్చు. మూర్ఛ వచ్చిందని మొదటి వారంలో ఎవరైనా మోతాదు పెంచి ఉంటే మూడో వారం ఇంకా గట్టిగా తగులుతుంది. ఏ కుర్రాడిలో ఏ లాగుడు ఎంతో కాగితం మీద తేలదు. అందుకే ఇది తెలిసిన డాక్టర్ టీబీ ఆఖరి గోలీ రోజునే చీటీ మీద రక్తపరీక్షకు ఒక తేదీ కాదు, రెండు తేదీలు రాస్తారు. ఒకటి ఐదారు రోజులకు, రెండోది మూడు వారాలకు.